నయాగరా: రెండు రాజ్యముల వంతునీరు



నయాగరా జలపాతము పేరు వినని వారు నేడు మన పల్లెలలో సైతము అరుదు. చదువునకో, ఉద్యోగమునకో అమెరికా చేరిన బిడ్డలు తమను చూడవచ్చిన తల్లిదండ్రులను తప్పక తీసికొనిపోవు చోట్లలో అది యొకటి. నీలిరంగు పలుచని తొడుగు వేసికొని, జల్లులో తడిసి నవ్వుచు తీయించుకొన్న పటములు మన యిండ్ల గోడలమీద ఎన్నియో కలవు. ఒక వేసవిలో నేనును మా కుమారుని యింట కొన్ని వారములుండి, రెండు దినములు ఆ జలపాతము కడ గడపితిని. పటములలో కానరాని సంగతి యొకటి అచ్చట నాకు తెలియవచ్చినది. చెఱువు క్రింద సేద్యము చేసినవారు, తూము కడ వంతునీటికై రాత్రులు మేలుకొన్నవారు దానిని నాకంటె బాగుగా గ్రహింపగలరు. అందుచేత నేటి ప్రసంగములో దానినే మనవి చేసెదను.

ముందుగా ఆ చోటి స్వరూపము చెప్పవలసియున్నది. ఉత్తర అమెరికాలో, అమెరికా సంయుక్త రాష్ట్రములును కెనడాయును కలియు ప్రాంతమున, ఐదు మహాసరస్సులు కలవు. వానిలో సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ యను నాలుగింటి నీరు కడపట ఈరీ సరస్సునుండి ఒక నదియై బయలుదేరును. అదియే నయాగరా నది. అది ఉత్తరముగా పాఱి, ఐదవదియగు ఒంటారియో సరస్సులో కలియును. నది పొడవు 36 మైళ్లు మాత్రమే. మన గోదావరి పొడవు 900 మైళ్లు దాటును. ఆ కొలతతో చూచినచో నయాగరా ఒక కాలువవంటిది. కాని ఆ 36 మైళ్లలోనే నీరు 326 అడుగుల పల్లమునకు దిగవలయును. అందులో సుమారు సగము ఒక్క దూకులో దిగును. రెండు రాజ్యముల సరిహద్దు ఆ నది మధ్యనుండియే పోవుచున్నది.

జలపాతపు టంచున నదికి నడుమ ‘మేకల దీవి’ అను నర్థము గల పేరుతో ఒక చిన్న దీవి కలదు. అది నీటిని రెండు పాయలుగా చీల్చును. కెనడా వైపు పాయ గుఱ్ఱపు లాడమువలె వంగి పడును. దాని యెత్తు సుమారు 180 అడుగులు. అంచు పొడవు 2,200 అడుగులకు తక్కువ కాదు. పడు నీటిలో పది పాళ్లకు తొమ్మిది పాళ్లు ఈ లాడపు జలపాతమునవే. అమెరికా వైపు పాయ ఇంచుమించు తిన్నని గోడవలె పడును. దాని ప్రక్కనే సన్నని ధార యొకటి వేఱుగా జాఱును. దానికి పెండ్లికూతురి మేలిముసుగని పేరు.

మేము బఫెలో పట్టణమునుండి బయలుదేరి పోయితిమి. నీరు కనబడుటకు ముందే దాని తుంపర కనబడును. చెట్ల పైభాగమున తెల్లని మేఘమొకటి నిలిచి యుండగా, ఎక్కడనో గడ్డివాము అంటుకొన్నదేమో యనిపించినది. దగ్గఱకు పోయినకొలది మ్రోత హెచ్చినది. అది ఉరుమువలె ఆగి యాగి వచ్చు మ్రోత కాదు. బియ్యపు మర ప్రక్కన నిలుచున్నట్లు ఎడతెగనిది. దీవి కొసను ఇనుపకమ్మి పట్టుకొని నిలిచినచో, కొద్ది యడుగుల దూరముననే నీరు అంచు దాటుచుండును. దాటువఱకు అది పచ్చని గాజువలె నుండును. దాటగానే పాలనురుగువలె తెల్లబడును. నది రాళ్లను అరగదీసి తెచ్చు మెత్తని పొడియు, నీటిలో కఱగిన లవణములును ఆ పచ్చదనమునకు కారణములని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

మధ్యాహ్నము పడవ నెక్కి, జలపాతము క్రింది గుండములోనికి పోయితిమి. ఈ పడవల రాకపోకలు 1846లో మొదలైనవి. ఒకప్పుడు ఆవిరితో నడచిన యీ పడవలు 2020 నుండి అమెరికా వైపున విద్యుత్తుతో నడుచుచున్నవి. ఆ విద్యుత్తు నీటిబలమున పుట్టినదే. పడవలో తెలుగు, గుజరాతీ, చీనా, స్పానిషు భాషలు వినబడుచుండెను. లాడము నడిమికి చేరి, మూడు వైపుల నీటిగోడలు క్రమ్ముకొనగానే ఏ భాషయు వినబడలేదు. నా భార్య చేతులు జోడించి కన్నులు మూసికొనెను. ఎండ తగిలిన తుంపరలో ఇంద్రధనుస్సు మాకంటె దిగువను, పడవ ముక్కుకడ నిలిచియుండెను. ఆకసమున కాక నీటిమీద దానిని చూచుట నాకదియే మొదలు.

ఇక నొక లెక్క. నయాగరా నదిలో సగటున సెకనుకు సుమారు 2 లక్షల ఘనపుటడుగుల నీరు పాఱును. మన ఇంజనీర్లు దీనినే 2 లక్షల క్యూసెక్కులందురు. 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వఱద ధవళేశ్వరము కడ 35 లక్షల క్యూసెక్కులు. దానిలో నయాగరా పదునేడవ పాలు మాత్రమే. అయినను అదే గోదావరిలో వేసవికాలమున ఇసుకతిన్నెలు తేలి, పశువులు నడచి దాటు చోట్లు గలవు. నయాగరాలో ఒక ఋతువునకును మఱియొక ఋతువునకును గల భేదము స్వల్పము. కారణము సులభము. మన వైపు కాకతీయులనాటి గొలుసుకట్టు చెఱువులను ఎఱుగని పెద్దలుండరు. ఒక చెఱువు అలుగు పాఱినచో క్రింది చెఱువు నిండును. ఆ మహాసరస్సులు నాలుగును దైవము కట్టిన గొలుసుకట్టు చెఱువులు. వర్షము వచ్చినను రాకున్నను కడపటి చెఱువునుండి నీరు సమముగా వచ్చుచుండును.

ఆ ప్రవాహము ఆగిన సందర్భము చరిత్రలో నొకటి కలదు. 1848 మార్చి నెల చివర, ఈరీ సరస్సులోని మంచుగడ్డలు గాలికి కొట్టుకొనివచ్చి నది మొదటిలో అడ్డుపడినవి. నీరు నిలిచిపోయెను. జలపాతపు మ్రోతతో నిదురించుట యలవాటైన జనులు నిశ్శబ్దము వలన మేలుకొనిరట. కొందఱు భయపడి ప్రార్థనలకు పోయిరి. మఱికొందఱు ఎండిన యేటి యడుగున నడచి, పూర్వయుద్ధమునాటి ఆయుధములు ఏఱుకొనిరి. సుమారు ఒకటిన్నర దినములకు మంచుకట్ట తెగి నీరు వచ్చెను.

అది దైవికము. నేను చెప్పదలచినది మనుష్యులు చేసిన యేర్పాటు. మొదటినాటి సాయంకాలము నేను నీటిని చూచుచు చాలసేపు కదలకుండుట గమనించి, ఉద్యానవనములో పనిచేయు నొకడు, “అయ్యా, రేపు ఎనిమిది గంటలకు ముందే రండు, నీరు నిదుర లేవకముందు చూడవచ్చును” అని నవ్వుచు చెప్పెను. మఱునాడు తెల్లవాఱగనే పోయితిని. జలపాతము పడుచునే యున్నది గాని, ముందునాటి జలపాతము కాదు. అంచు కొసలయందు ధార పలుచబడియుండెను. తుంపర మేఘము తగ్గియుండెను. క్రింది గుండములో నీటిమట్టము దిగి, ముందునాడు కానరాని ఒడ్డురాళ్లు తడిగా మెఱయుచుండెను. తొమ్మిది గంటలు దాటునప్పటికి నీరు మరల నిండుగా పడజొచ్చెను.

దీని మర్మమేమనగా, 1950 ఫిబ్రవరిలో అమెరికాయును కెనడాయును ఒక యొడంబడిక చేసికొన్నవి. దాని ప్రకారము, యాత్రికులు వచ్చు కాలమున, అనగా ఏప్రిలు 1వ తేదీనుండి అక్టోబరు 31వ తేదీవఱకు, పగటివేళ జలపాతముపై సెకనుకు లక్ష ఘనపుటడుగులకు తక్కువ కాకుండ నీరు విడువవలయును. వేసవిలో ఆ పగలు ఉదయము 8 గంటలనుండి రాత్రి 10 గంటలవఱకని వ్రాసికొనిరి. సెప్టెంబరు 16వ తేదీనుండి రాత్రి 8 గంటలకే అది ముగియును. తక్కిన రాత్రులయందును, చలికాలమంతయు, 50 వేల ఘనపుటడుగులు విడిచిన చాలును. ఇట్లు విడువగా మిగిలిన నీటిని ఇరురాజ్యములు చెఱిసగముగా పంచుకొని, విద్యుత్తు తీసికొనవలయును. కాబట్టి మన కంటికి అనంతముగా కనబడు ఆ నీరు, పగలు నదిలో వచ్చుదానిలో సగము. రాత్రి పాతిక భాగము. మిగిలినది జలపాతమునకు ఎగువనే సొరంగములలో దూరి, దిగువనున్న విద్యుత్కేంద్రములకు పోవుచున్నది. ఇందుకై లాడపు జలపాతమునకు ఎగువను, కెనడా యొడ్డునుండి నదిలోనికి 18 తలుపులు గల అడ్డుకట్ట యొకటి కట్టియున్నారు. మన చెఱువు కడ నీరుకట్టువాడు చేయు పనినే అచ్చట ఆ తలుపులు చేయుచున్నవి. వంతు మాత్రము రెండు మళ్లకు గాక రెండు రాజ్యములకు.

ఈ స్థితి ఒక్కనాట వచ్చినది కాదు. 19వ శతాబ్దమున జలపాతపు ఒడ్డు సొంతదారుల చేతులలో నుండెను. వారు దడులు కట్టి, సందులలోనుండి చూచుటకు సైతము రుసుము తీసికొనెడివారు. దీనికి వగచినవారు చాలకాలము ఆందోళన చేయగా, 1885లో న్యూయార్కు రాష్ట్ర ప్రభుత్వము ఆ భూములను కొని, అందఱకు ఉచితముగా తెఱచినది. నేటికిని ఆ యొడ్డున నడచుటకు రుసుము లేదు. మూడు సంవత్సరములకు కెనడా వైపునను ఉద్యానవనము వెలసినది. తరువాత విద్యుత్తు వచ్చెను. 1895లో అమెరికా వైపు పెద్ద విద్యుత్కేంద్రము పనిచేయ మొదలిడెను. మఱుసటి సంవత్సరము నవంబరులో, నికోలా టెస్లా పద్ధతి ననుసరించిన విద్యుత్ప్రవాహము ఇరువది మైళ్ల దవ్వుననున్న బఫెలో పట్టణమునకు తీగెలపై చేరెను. అంతటితో కర్మాగారములవారికి ఆ నీరు బంగారమైపోయెను. ఎవరికి చేతనైనంత వారు తోడుకొన్నచో జలపాతము ఎండిన కొండచరియగా మిగులునని జనులు భయపడిరి.

అప్పుడు వారు చేసిన మంచిపని యిది. 1909లో సరిహద్దు జలముల నిమిత్తము ఇరురాజ్యములు ఒడంబడిక చేసికొని, ఒక ఉమ్మడి సంఘమును నియమించినవి. అందులో అటు ముగ్గురు, ఇటు ముగ్గురు సభ్యులు. కెనడా జనసంఖ్యలో చాల చిన్నది, అమెరికా చాల పెద్దది. అయినను సంఘములో పీటలు సమానము. ఎవరెంత నీరు తీయవచ్చునో అంకెలలో వ్రాసిరి. కాలము మాఱగా 1950లో ఆ యంకెలను మాఱ్చుకొనిరి. శతాబ్దము దాటినను ఆ సంఘము నేటికిని పనిచేయుచున్నది. నీటితగవులు నోటిమాటలతో తీఱవని మనకు తెలియును. తూము కడ కొలతరాయి లేని చెఱువు క్రింద ప్రతి యేడును కొట్లాటయే.

నీటిని మళ్లించుటవలన జలపాతమునకు ఒక మేలుకూడ కలిగినది. అచ్చట పైపొర గట్టిరాయి, క్రిందిది మెత్తనిది. పడు నీరు క్రింది పొరను తొలిచివేయగా, ఆధారము లేని పైరాయి విఱిగిపడును. ఇట్లు 12,000 సంవత్సరములలో జలపాతము 7 మైళ్లు వెనుకకు నడచినది. పూర్వము ఏటికి మూడడుగుల మేర, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, తఱిగెడిది. నీటిలో సగమునకు పైగా తొలగించుటచే నేడు ఆ తఱుగుదల ఏటికి ఒక యడుగు మాత్రమే యని అంచనా. 1969లో అమెరికా వైపు పాయకు మట్టికట్ట వేసి, ఐదు నెలలపాటు నీటిని పూర్తిగా ఆపి, అడుగున పడియున్న బండలను తొలగింపవచ్చునా యని పరీక్షించిరి. చూచి, విచారించి, వానిని తీయక అట్లే విడిచిరి. చేయగలిగియు చేయక విడుచుట ఒక వివేకము.

ఇంతవఱకు చెప్పినది విన్నచో అంతయు న్యాయముగనే యున్నదని తోచును. కాని రెండవనాటి మధ్యాహ్నము మేము చూచిన మఱొక చోటును చెప్పకున్న కథ సగమే యగును. జలపాతమునకు ఉత్తరముగా కొన్ని మైళ్ల దూరమున 1,900 యకరముల జలాశయమొకటి కలదు. రాత్రివేళ జలపాతమునకు తగ్గించిన నీటిని ఇందులోనికి ఎక్కించి నిలువచేయుదురు. పగలు విద్యుత్తు అవసరము హెచ్చినపుడు మరల దింపి యంత్రములను త్రిప్పుదురు. మన నాగార్జునసాగరము కడను నీటిని తిరిగి వెనుకకు ఎక్కించు యంత్రములున్నవి గనుక ఇది మనకు వింత కాదు. ఆ జలాశయపు కట్టకు తూర్పున టస్కరోరా యను ఆదివాసుల ఊళ్లు కలవు.

ఈ టస్కరోరాలు పూర్వము దక్షిణమున కరొలైనా దేశమున నుండెడివారు. 18వ శతాబ్దారంభమున తెల్లవారితో యుద్ధములు జరిగి, నిలువనీడ లేక ఉత్తరమునకు వచ్చి, ఇరోక్వా కూటమిలో ఆఱవ జాతిగా చేరిరి. తమ పూర్వభూమిని అమ్మగా వచ్చిన ధనముతో ఇచ్చట నేల కొనిరి. అది దానముగా వచ్చినది కాదు, క్రయమునకు కొన్నది. 1956 జూన్ 7వ తేదీన కొండచరియ విఱిగిపడి నయాగరాలోని పాత విద్యుత్కేంద్రము కూలగా, క్రొత్తది వెంటనే కట్టవలసివచ్చెను. దాని జలాశయమునకై టస్కరోరాల భూమిలో 1,383 యకరములు కావలయునని విద్యుత్ సంస్థ కోరినది. వారు అమ్మమనిరి. 1958లో కొలతలకు వచ్చిన బండ్లకు స్త్రీలును పురుషులును అడ్డముగా నిలిచిరి. వ్యవహారము దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు పోయెను. 1960 మార్చిలో ఆఱుగురు న్యాయమూర్తులు విద్యుత్ సంస్థ పక్షమునను, ముగ్గురు టస్కరోరాల పక్షమునను తీర్పు చెప్పిరి. ఆ ముగ్గురిలో హ్యూగో బ్లాక్ అను న్యాయమూర్తి, గొప్పవాడు మాట నిలుపుకొనవలసినట్లే గొప్పదేశమును నిలుపుకొనవలయునని తన భిన్నాభిప్రాయమున వ్రాసెను. చివరకు సుమారు 550 యకరములు నీటిపాలైనవి.

మేము పోయినపుడు ఆ కట్టపై కొందఱు గాలములు వేసి చేపలు పట్టుచుండిరి. జలపాతము కడ వేలకొలది జనులుండగా ఇచ్చట పదిమంది లేరు. ఇరురాజ్యములు కూర్చుండి పంచుకొన్న నీటిలో ప్రతి ఘనపుటడుగునకు లెక్క కలదు. ఆ నీరు నిలుచుటకు నేల నిచ్చినవారికి మాత్రము ఆ సంఘములో పీట లేకపోయెను. మన దేశమునను ముంపుగ్రామములు విడిచి వచ్చినవారు మీలోనే యుందురు గనుక దీనిని విస్తరించి చెప్పనక్కఱలేదు.

మనకును ఇట్టి ఉమ్మడి జలపాతమొకటి కలదు. ఆంధ్రప్రదేశ్, ఒడిశా సరిహద్దున మాచ్‌ఖండ్ నదిపై డుడుమా జలపాతమున్నది. అది ఎత్తున నయాగరాకు దాదాపు మూడు రెట్లు. దాని నీటిబలముతో 1955 నుండి రెండు రాష్ట్రములు ఉమ్మడిగా విద్యుత్తు తీసికొనుచున్నవి. దాని ఎగువనున్న జలాపుట్ జలాశయము క్రిందను గిరిజనుల పల్లెలు మునిగినవి. కాబట్టి నయాగరా కథ పరదేశపు వింత మాత్రమే కాదు.

అచ్చటినుండి మనము నేర్వదగినవి రెండు గలవని నాకు తోచినది. నీటివంతు ఇంతయని అంకెలలో వ్రాసికొని, పెద్దవాడును చిన్నవాడును సమానమైన పీటలపై కూర్చున్నచో, తగవు కత్తులవఱకు పోక నూఱేండ్లు ఆగును. ఇది మొదటిది. ఆ పీటలు వేయునాడు నీరు వాడుకొనువారినే గాక, నేల పోగొట్టుకొనువారినిగూడ పిలువవలయును. ఇది రెండవది. మొదటిది వారు చేసి చూపిరి. రెండవది అచ్చటను జరుగలేదు, ఇచ్చటను చాలినంతగా జరుగలేదు.

మీ బిడ్డలు మిమ్ము నయాగరాకు తీసికొనిపోయినపుడు పడవ నెక్కుడు, జల్లులో తడియుడు. అట్టి దృశ్యము జన్మమున నొకమాఱైన చూడవలసినదే. వీలైనచో మఱునాడు ఎనిమిది గంటలకు ముందు మరల పొండు. ఆ పిదప కారును ఉత్తరమునకు త్రిప్పించి, జలాశయపు కట్ట నెక్కి రెండు వైపులను చూడుడు.